సమ్మయ్య జీపుకు నేను ఎంచిన టైర్లు

వరంగల్,
ములుగు రోడ్డు.

ప్రియమైన అక్క సుశీలమ్మకు,

నీ తమ్ముడు దేవదానం ప్రభువు పేరట వందనాలు చెప్పి రాస్తున్నది. నేనిక్కడ ప్రాణంతో, ఒంటి మీద గుడ్డతో, రెండు పూటల తిండితో ఉన్నాను. నువ్వు, బావ, కాన్పుకని పుట్టింటికి వచ్చిన మన కరుణ ఆయన రెక్కల నీడన క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను. బావ మోకాళ్లు ఎలా ఉన్నాయి? కరుణకు కాళ్ల వాపు తగ్గిందా? ఎనిమిది నిండాయని రాశావు. ఆ మాట చదివినప్పటి నుంచి నా వేళ్లు నెలలు లెక్కపెట్టడం మానడం లేదు.

ఒక మాట ముందే చెప్పనీ. ఇప్పటిదాకా నేను రాసిన ఉత్తరాలన్నీ నువ్వు ఆదివారం కూడికలో అందరి ముందు చదివి వినిపించావు. ఇది మాత్రం ముందు ఇంట్లో కూర్చుని నువ్వొక్కదానివే చదువు. కూడికలో చదవాలో వద్దో చివర చెప్తాను. దయచేసి చివరి కాగితం ముందుగా తిప్పి చూడకు. నీ అలవాటు నాకు తెలుసు.

ఇక్కడి సంగతులు. ఎండలు పోయాయి, వానలు పట్టుకున్నాయి. మా దుకాణం మిర్చి మార్కెట్ వైపు నుంచి వచ్చే లారీల దారిలో ఉంది కనుక వేసవంతా గాలిలో కారం. తుమ్మి తుమ్మి గొంతు పోయింది. మన ఊళ్లో మైకు లేకుండా వాగు అవతలి ఒడ్డుకు వినబడేలా వాక్యం చెప్పినవాణ్ణి, ఇప్పుడు పక్క మనిషిని పిలవాలన్నా రెండుసార్లు దగ్గాలి. గది మంచిదే. రేకుల గది, వాన పడితే పక్కవాడి మాట వినబడదు, పక్కన ఎవరూ లేరు కాబట్టి ఇబ్బంది లేదు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం ఎదురు హోటల్లో బగారన్నం, అందులో పుదీనా తప్ప నాకు ఏ రుచీ తెలియదు. నువ్వు పంపిన చింతకాయ తొక్కు అయిపోయి చాలా రోజులైంది. సీసా కడగలేదు. అప్పుడప్పుడు మూత తీసి వాసన చూస్తాను. నవ్వకు.

పని నీకు తెలిసిందే. లారీ టైర్లు, ట్రాక్టర్ టైర్లు, ఈ మధ్య డబ్బున్న కుర్రవాళ్లు జీపులకు వేయించుకునే పెద్ద పెద్ద టైర్లు. ఇనుప కడ్డీ పెట్టి టైరును చక్రం నుంచి ఊడదీయడం, లోపలి ముల్లు వెతకడం, అతకడం, మళ్లీ ఎక్కించడం. సాయంత్రానికి భుజాలు నావి కావు. యజమాని గౌస్ భాయ్ మంచివాడు. ఐదు పూటలా నమాజు చేస్తాడు, మిగిలిన సమయమంతా నన్ను ఆటపట్టిస్తాడు. నేను పాస్టర్‌ని కాను, ఏ బడిలోనూ వాక్యం చదువుకోలేదు, దీపం పెట్టుకుని నాకు నేనే అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నానని ఎన్నిసార్లు చెప్పినా "పాస్టర్ సాబ్" అనే పిలుస్తాడు. గ్రంథం గాలి మిషన్ పక్కన అరలో ఉంటుంది. దాని అంచులకు నల్లగా నా వేళ్ల గుర్తులు. గాలి నింపుతూ లారీ డ్రైవర్లకు రెండు మాటలు చెప్పడం నాకు అలవాటు. చెప్తూ చెప్తూ ఒకరోజు టైరులో గాలి ఎక్కువ కొట్టాను. భాయ్ పరుగెత్తుకొచ్చి మిషన్ ఆపాడు.

"సాబ్, గాలి టైర్ల కొట్టు. డ్రైవర్‌కు ఎందుకు కొడ్తవ్?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గదికి వచ్చాక నవ్వు రాలేదు.

అక్కా, అలిసిపోయాను. రెండు వానాకాలాలు గడిచాయి ఊరు వదిలి. పనికోసం వచ్చానని అందరికీ చెప్పాను. నువ్వొక్కదానివే నమ్మలేదు. నీ మరదలు శాంతమ్మ చనిపోయిన ఏడు వాగు ఒడ్డున నిలబడి నేను ఏం చేశానో నువ్వు చూశావు. జ్వరంతో ఆమె బండిలో పడుకుని ఉంది. నేను చేతులెత్తి నీళ్లను గద్దించాను. తగ్గిపొమ్మని ఆజ్ఞాపించాను. ఊరంతా చూస్తుండగా గంటసేపు గద్దించాను. నీళ్లు తగ్గలేదు. తగ్గేలోపు ఆమె లేదు. ఆ తర్వాత కూడికలో నిలబడి నోరు తెరిచిన ప్రతిసారీ నాకు ఆ నీళ్ల చప్పుడే వినబడేది. ఇది మనం ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత జరిగినదానికి వేరు అక్కడే ఉంది.

అసలు సంగతికి వస్తాను. వేసవి చివర్లో మన సమ్మయ్య వచ్చాడు. వేలంలో కొన్న ఆ పాత, నాలుగు చక్రాలూ లాగే గేరున్న జీపును తోలుకుని, నూట చిల్లర కిలోమీటర్లు, పైన టాపు లేకుండా, ముఖం నిండా దుమ్ముతో. దుకాణం ముందు ఆపి కిందికి దిగి నా చేతులు పట్టుకున్నాడు.

"దానమన్నా, ఈ బండి వానకాలం మనోళ్లకు అక్కెరకు రావాలె. మందులకు, కాన్పులకు, పిల్లల పరీచ్చలకు. ఇంజన్ మంచిగున్నది. టైర్లే అరిగి గుండు లెక్కయినై. ఏవి వెయ్యాల్నో నాకు తెల్వది. నువ్వెట్లంటే గట్ల."

నువ్వెట్లంటే గట్ల. అక్కా, ఎంతకాలమైంది నన్ను ఎవరైనా ఆ మాట అని! ఇక్కడ నేను కడ్డీ పట్టుకునే మనిషిని. ఆ ఒక్క మాటతో నా గొంతులో కారం పోయింది. ఛాతీ పైకి లేచింది.

గౌస్ భాయ్ జీపు చుట్టూ తిరిగి, వంగి, కింద ఎంత ఎత్తు ఉందో జానలతో కొలిచి, రెండు రకాలు బయట పెట్టించాడు. ఒకటి వెడల్పువి. ఒక్కో టైరు మన గొర్రెపిల్ల పడుకునేంత వెడల్పు, లోతైన పళ్లు, పక్కన తెల్ల అక్షరాలు. ఒక షోకు కుర్రవాడు రెండు నెలలు తోలి, కొత్త మోజు వచ్చి విప్పించి వెళ్లినవి. రెండోది సన్నవి. ఎత్తు అంతే, వెడల్పులో సగం కన్నా కొంచెం ఎక్కువ. పాత మిలిటరీ బండ్లకు ఉండే రకం. ముసలివాడి ముఖంలా ఉంటాయి, చూడటానికి ఏమీ లేదు.

"పాస్టర్ సాబ్, మీ వాగుల బురద కింద ఏముంటది?" అని అడిగాడు భాయ్.

సమ్మయ్య నోరు తెరిచాడు. "బురద మూరెడు ఉంటది భాయ్, దాని కింద గట్టి మొరం..."

"అడుగు లేదు!" అన్నాను నేను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"అడుగు లేని వాగు యాడుంటది సాబ్? ఎడ్లబండి పోతదా, పోదా?"

"నువ్వు సూశ్నవా ఆ వాగును? నేను సూశిన. అది మింగుతది. దాని మీద నిలవడాల్నంటే పెద్ద కాలు కావాలె, వెడల్పు కాలు కావాలె!"

భాయ్ ఓపికగానే చెప్పాడు. కింద గట్టి నేల ఉంటే సన్న టైరు బురదను కోసుకుంటూ అడుగుకు పోయి పట్టు దొరికించుకుంటుంది. వెడల్పుది బురద మీదే తేలుతుంది, పళ్లలో రేగడి మట్టి నిండిపోతే ఇక అది టైరు కాదు, నున్నటి రోకలి. ఇసుకలోనైతే వెడల్పు మంచిది.

"ఇసుకల మంచిగుంటది, ఫోటోల ఇంకా మంచిగుంటది," అన్నాడు. తర్వాత కన్ను గీటి, "ఇరుకు తొవ్వనే మంచిదని రోజు నా డ్రైవర్లకు చెప్పేది నువ్వే గద? టైర్ కాడికి వచ్చేటాల్లకు వెడల్పు కావాల్నా?"

దుకాణంలో అందరూ నవ్వారు. అక్కా, నాకు మండింది. లేచాను. అరలోంచి గ్రంథం తీశాను. పాదాలు విశాలమైన చోట నిలబెట్టబడ్డాయని పాడిన భక్తుడి మాట తీసి, పూర్వంలా, వాగు ఒడ్డుకు వినబడేలా చెప్పాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. గుండె నిండింది. ఎంత నిండిందంటే, ఎదురుగా సమ్మయ్య ఏదో చెప్పబోయి ఆగిపోయాడని నేను చూసి కూడా చూడలేదు. అతను పుట్టినప్పటి నుంచి ఆ వాగు దాటుతున్నవాడు. పదేళ్లు అందులో ట్రాక్టర్ తోలినవాడు. "మొరం" అన్నాడు. నేను వాక్యంతో అతని నోరు మూయించాను.

"అన్న చెప్పినంక ఇంకేంది భాయ్. వెడల్పువే వెయ్యి," అన్నాడు.

వేశాము. పట్టలేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రుద్దుకునేది. అప్పుడైనా ఆగాలి కదా? ఆగలేదు. మడ్‌గార్డులు కోశాము. చక్రాలు బయటికి జరగడానికి మధ్యలో ఇనుప దిమ్మలు బిగించాము. అన్నీ నా చేతులతోనే. జీపు దుకాణం ముందు నిలబడితే సింహం నిలబడ్డట్టు ఉంది. దాని మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి పంపాను. నిజం చెప్తున్నాను, ఆ ప్రార్థనలో కరుణ కన్నా, మీ అందరి కన్నా, ఊళ్లోకి ఆ జీపు వెళ్తుంటే "ఇది దేవదానం వేయించింది" అని చెప్పుకునే నోళ్లే నాకు కనబడ్డాయి. వాటి వెనక ఆ వాగు. ఈసారి నిన్ను తొక్కుకుంటూ పోతాను చూడు అని దానితో పంతం.

తర్వాత జరిగింది నీకు తెలుసు. తొలి పెద్ద వాన వెలిసిన మరునాడు, నీళ్లు మోకాలి లోతు కూడా లేవు, బియ్యం బస్తాలతో దిగిన జీపు ఒడ్డు బురదలో తేలి, పక్కకు జారి, తుమ్మ చెట్టుకు ఆనుకుని ఆగింది. దేవుని దయ, లోపల సమ్మయ్య తప్ప ఎవరూ లేరు. అతను రోడ్డు మీదికి, సిగ్నల్ ఉన్న చోటికి నడిచొచ్చి నాకు వీడియో పంపాడు. "అన్నా, నాకేం గాలే, ఫికర్ వెట్టుకోకు" అన్నాడు ముందు. తర్వాత చూపించాడు.

నా టైర్లు అక్కా, వాటి పళ్లు కనబడలేదు. మట్టి నిండి గుండ్రటి ముద్దలైపోయాయి. వాటి పక్కనే, అదే బురదలో, జీపును లాగడానికి వచ్చిన ఎడ్లబండి నిలబడి ఉంది. ఎత్తైన చక్రాలు, నాలుగు వేళ్ల వెడల్పు ఇనుప పట్టా. బురదను కోసుకుని మొరం మీద నిలబడి ఉంది, ఇంటి ముందు నిలబడ్డట్టు.

ఆ చక్రాన్ని ఎవరు చేశారో నీకు చెప్పాలా?

నాయిన పట్టా ఎక్కించే రోజు మనిద్దరం నీళ్ల కుండలు పట్టుకుని నిలబడేవాళ్లం. ఎర్రగా కాలిన ఇనుప పట్టాను చక్రానికి తొడగగానే నీళ్లు పోయాలి. నేను ప్రతిసారీ తొందరపడి ముందే పోసేవాణ్ణి. నువ్వు నెత్తి మీద మొట్టేదానివి. పొరుగూరి వాళ్లు ఎవరో వచ్చి వెడల్పు చక్రం చెయ్యమంటే నాయిన ఏమన్నాడో గుర్తుందా? "మన రేగడికి సన్నదే బిడ్డా. మన్ను దిగాలె, మొరం దొరకాలె." నాకు పదేళ్లప్పుడు విన్న మాట. యాభై దాటాక, ఒక ముస్లిం సోదరుడు అదే మాట మళ్లీ చెప్తే, చెవులు మూసుకుని గ్రంథం తెరిచాను. ప్రవక్తకు కనబడని దూత ఆయన ఎక్కిన గాడిదకు కనబడిన కథ నేను కూడికలో ఎన్నిసార్లు చెప్పానో నీకు తెలుసు. చెప్పిన ప్రతిసారీ నేను ప్రవక్త పక్కనే నిలబడ్డాను. గాడిద పక్కన నిలబడి ఒక్కసారి కూడా చెప్పలేదు.

అయినా నీకు వెంటనే రాయలేదు. సిగ్గు. జీపు బయటికి వచ్చింది కదా, ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. అంతలో నీ ఉత్తరం వచ్చింది.

నువ్వు రాసిన మాటలు నా ముందే ఉన్నాయి. సమ్మయ్య మళ్లీ తాగుతున్నట్టుంది అని రాశావు. మోకాలు నీళ్లలో జీపు పడేయడం తాగనివాడి పని కాదని సంఘంలో అందరూ అంటున్నారని రాశావు. ఆదివారం అతణ్ణి అందరి ముందు నిలబెట్టారని, అతను తలవంచుకుని నిలబడ్డాడని, ఏమీ అనలేదని రాశావు. ఇక కరుణను ఆ జీపు ఎక్కించేది లేదని, దేవుని మీద భారం వేసి ఇంట్లోనే కాన్పు చేయిస్తానని రాశావు.

అది చదివి కడ్డీ కింద పెట్టేశాను. ఆ రోజు ఇంకో టైరు విప్పలేకపోయాను.

తప్పు చేసినవాడు ఆదివారం సంఘం ముందు నిలబడి తన నోటితో చెప్పుకోవాలనే ఆ పద్ధతి పెట్టింది నేను. సమ్మయ్యను తాగుడుకు మొట్టమొదట అక్కడ నిలబెట్టిందీ నేనే. ఆనాటి నుంచి అతను చుక్క ముట్టలేదు. నాకు తెలుసు, అతని పెళ్లానికి తెలుసు, దేవునికి తెలుసు.

సమ్మయ్యకు ఫోన్ చేశాను. రెండు రోజులకు దొరికాడు.

"టైర్లు నేను ఎంచిననని ఎందుకు చెప్పలేదు వాళ్లకు?"

గొంతు తగ్గించి చెప్పాడు.

"నీ పేరు చెప్తే రేపు నువ్వు ఊరికొచ్చి వాక్యం చెప్తే ఎవలింటరన్నా? నాకైతే ఆ జాగల నిలవడుడు అలవాటే."

"నువ్వు తాగలే గద సమ్మన్నా."

"తాగలే. సంఘంల గా మాట అడిగినోళ్లు లేరు."

అక్కా, ముప్పై ఏళ్లు నేను చెప్పిన ప్రసంగాలన్నీ ఒక పక్క పెట్టు. అతను అన్న ఆ రెండు మాటలు ఇంకో పక్క పెట్టు.

మర్నాడు పొద్దున్నే గౌస్ భాయ్ దగ్గరికి వెళ్లాను. సన్న టైర్లు ఉన్నాయా, పోయాయా అని అడిగాను. ఏం జరిగిందో చెప్పాను. అంతా చెప్పాను, వాగు సంగతి, శాంతమ్మ సంగతి కూడా. ఇక్కడికి వచ్చాక ఎవరికీ చెప్పనిది. ఆయన చేతిలో చాయ్ చల్లారిపోయింది. లేచి దుకాణం వెనక్కి పోయి, గోనెపట్టా తీశాడు. నాలుగూ అక్కడే ఉన్నాయి.

"నువ్వు వస్తవని ఎర్కే. నీ ప్రసంగం అయిపోవాల్నని సూస్తాన."

"వెడల్పువి వాపస్ తీస్కుంటవా భాయ్?"

"తీస్కుంట. షోకు పోరగాండ్లకు కొదువనా? గానీ ఒక షరతు. నెల రోజులు నా దుకాణంల ప్రసంగం బంద్. పనిచెయ్యి, ఇను. డ్రైవర్లు ఏం చెప్తాండ్లో జర ఇను."

ఒప్పుకున్నాను. ఇప్పటికి ఆరు రోజులు. మొదటి రెండు రోజులు నాలుక దురద పెట్టింది. మూడో రోజు ఒక లారీ డ్రైవర్ గాలి కొట్టించుకుంటూ, తన కూతురు ఇంట్లోంచి వెళ్లిపోయిందని చెప్పాడు. నేను ఊ కొడుతూ ఉన్నాను, అంతే. వెళ్లేటప్పుడు "మంచిగ మాట్లాడినవన్నా" అన్నాడు. నేను మాట్లాడిందే లేదు.

మొన్న సమ్మయ్య జీపు తెచ్చాడు. వెడల్పువి నేనే విప్పాను. మధ్యలో బిగించిన ఇనుప దిమ్మలు తీసేశాను. సన్నవి ఎక్కించాను. కోసిన మడ్‌గార్డులు మాత్రం అలాగే ఉన్నాయి, వాటిని ఏం చేయలేను, చూసినప్పుడల్లా నా పని గుర్తుకొస్తుంది, రానీ. తర్వాత భాయ్ మమ్మల్ని ఊరిబయట తన స్నేహితుడి చేనుకు తీసుకెళ్లాడు. నల్లరేగడి, దున్ని ఉంది, రెండు రోజుల వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. టైర్లలో గాలి కొంచెం తగ్గించాము. సమ్మయ్య ఎక్కాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. ప్రార్థన చెయ్యనా అని అడిగాను.

"లోపట్నే చేస్కో అన్నా. నన్ను సప్పుడు ఇననియ్యి, టైరు ఏం చెప్తాందో."

చక్రాలు దిగాయి. జానెడు, ఇంకో జానెడు. నా గుండె కూడా దిగింది. అప్పుడు కింద ఏదో గట్టిది తగిలినట్టు చిన్న కుదుపు. సమ్మయ్య నావైపు చూసి "దొరికింది" అన్నాడు. జీపు నెమ్మదిగా, తొందర లేకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. మూడుసార్లు పోయాము, వచ్చాము. ఆగకుండా ఒక్కసారి, మధ్యలో ఆపి మళ్లీ లేపి రెండుసార్లు. భాయ్ గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి, ఏమీ అనలేదు. అంతకంటే పెద్ద మెప్పు ఆయన దగ్గర లేదు.

ఒక్కటి మాత్రం చెప్పమని మరీ మరీ చెప్పాడు. నీళ్లు నడుము లోతు దాటి పరుగెత్తుతుంటే ఏ టైరూ పనికిరాదు, సన్నదీ కాదు, వెడల్పుదీ కాదు. ఏ ప్రార్థనా ఆ నీళ్లకు ఆజ్ఞ కాదని నా వంతుగా నేను కలుపుతున్నాను. నేను చేసి చూశాను. కాబట్టి నొప్పులు వచ్చేదాకా ఆగకు అక్కా. నీ కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను. వాగు తక్కువగా ఉన్న ఈ వారంలోనే కరుణను సమ్మయ్య జీపులో ఏటూరునాగారం పంపు. దవాఖానకు నాలుగడుగుల దూరంలో సమ్మయ్య చెల్లెలి ఇల్లు ఉంది. వాళ్లు గది ఖాళీ చేసి పెట్టారు. నువ్వూ వెంట వెళ్లు. కోళ్లను బావ చూసుకుంటాడు. దేవుని మీద భారం వేయడమంటే ఇంట్లో కూర్చోవడమని నీకు నేర్పింది ఎవరు? నేనే కదా. తప్పు నేర్పాను. మర్చిపో.

ఇక ఆదివారం సంగతి. ఇప్పుడు చెప్తాను. ఆదివారానికి ఒక్క పూట సమ్మయ్య జీపులో ఊరికి వచ్చి ఈ ఉత్తరాన్ని కూడికలో చదువు. మొత్తం చదువు. శాంతమ్మ మాట దగ్గర ఆపకు, వాగును గద్దించిన మాట దగ్గర ఆపకు. ఎప్పటిలా కూర్చుని కాదు, తప్పు చేసినవాళ్లను నేను నిలబెట్టే ఆ చోట నిలబడి చదువు. నేను రాలేను, పని వదల్లేను, కాబట్టి నా బదులు నువ్వు నిలబడు. సమ్మయ్యను మాత్రం ముందు వరసలో కూర్చోబెట్టు. వద్దంటాడు, లేస్తాడు. చెయ్యి పట్టి కూర్చోబెట్టు. చదవడం అయ్యాక, అతణ్ణి నిలబెట్టినవాళ్లందరూ లేచి అతని చెయ్యి పట్టుకోవాలని నేను అడుగుతున్నట్టు చెప్పు. ఆజ్ఞ కాదు. అడుగుతున్నాను.

బావకు నా వందనాలు. పెద్దమ్మకు, మందిరం పక్కింటి ముసలి తాతకు నా వందనాలు. కరుణను దగ్గరికి తీసుకుని తల మీద నా పేరున చెయ్యి పెట్టు. వీలైతే చింతకాయ తొక్కు కొంచెం సమ్మయ్యతో పంపు, సీసా అతనికే ఇచ్చాను, ఈసారి కడిగాను. నా కోసం ప్రార్థన చెయ్యి, గొంతు కోసం కాదు, చెవుల కోసం.

ఈ ఉత్తరాన్ని రేపు పొద్దున సమ్మయ్యే తెస్తాడు. దీనితోపాటు ఒక చెక్క పీట కూడా తెస్తాడు. కొత్త టైర్లు ఎత్తు కాబట్టి జీపు మెట్టు కరుణకు అందదు, ఈ నెలలో కాలు అంత పైకి ఎత్తకూడదు. నాయిన చేసినట్టే మేకులు లేకుండా, చెక్కలో చెక్క దూర్చి చేశాను. నాలుగు కాళ్లూ సన్నగానే పెట్టాను. మీ వాకిట్లో బురద మీద పెట్టి, ముందు నువ్వు ఎక్కి నిలబడు. కదలకపోతే అప్పుడు కరుణను ఎక్కించు.

నీ చేతి మొట్టికాయలు తిని పెరిగిన తమ్ముడు,
దేవదానం